కొలబద్ద ఎక్కిన గుట్ట

ఆ పొద్దున ఆకాశం కిందికి దిగి సముద్రం మీద కూర్చుంది. వానా కాదు, మంచూ కాదు. సన్నటి తుంపర. సూర్యుడు ఏ మూలన ఉన్నాడో ఆ రోజంతా ఎవరికీ తెలియలేదు.

రేవు దగ్గర మైలురాయి పక్కన అతను సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. యాభై ఎనిమిదేళ్ళు. రెండు మోకాళ్ళకీ పట్టీలు. సైకిలు యాత్రల ఆఫీసులో అతన్ని కొలబద్ద అంటారు. కొత్త దారి వెయ్యాలంటే ముందు అతను తొక్కాలి. రేపు రాబోయే యాత్రికుల్లో అందరికంటే నీరసమైనవాడు ఎంతసేపట్లో పోగలడో అతన్ని చూసి రాస్తారు. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. మొదట్లో నీరసం నటించేవాడు. ఇప్పుడు ఆ అవసరం లేదు.

వెనక మోపెడ్ మీద ఇన్‌స్పెక్టరు. తొక్కేవాడి దగ్గర గడియారం ఉండకూడదని నియమం. ఉంటే గుట్టని బట్టి కాక గడియారాన్ని బట్టి తొక్కుతాడు. కాబట్టి గడియారం ఇన్‌స్పెక్టరుదే, మాటా ఇన్‌స్పెక్టరుదే.

ఇన్‌స్పెక్టరు కోటు చెయ్యి పైకి లాగి చూశాడు. "ఆరున్నర. ఒంటిగంటలోపు గుట్ట మీద మైలురాయి ముట్టుకోవాలి. లేకపోతే గుట్ట మీదికి పోయే ఈ లోపలి దారి కొట్టేస్తాను. తీరం దారి ఒక్కటే ఉంటుంది."

"తెలుసండీ."

"గుట్ట మీద బస ఇల్లు నడిపే ఆవిడ ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాసింది. బస్సు కింది రోడ్డుకి మారాక పురుగు కూడా రావడం లేదట. ఈ దారైనా రాకపోతే నెలాఖరుకి తాళం వేసేస్తుందట. నీకు తెలిసినావిడా?"

"కాదండీ."

దారిలో చుట్టాలున్నవాడు ఆ దారి తొక్కకూడదు. అదీ నియమమే. ఆవిడ అతని చెల్లెలు. ఉన్న ఒక్కగానొక్క చెల్లెలు.

"ఉత్తరాలు చూసి దారులు వెయ్యం. జాలీ గీలీ నా దగ్గర లేదు. పద."

తీరం వెంట రోడ్డు చదునే గానీ గాలి ఎదురు. తొక్కిన ప్రతి అడుగూ గాలి సగం వెనక్కి లాక్కుంటోంది. రోడ్డు పక్క సముద్రపు గోడ పొట్టిగా ఉన్నచోట ఒక అల గోడ దూకి వచ్చింది. ఇద్దరూ తల నుంచి కాళ్ళ దాకా తడిసిపోయారు.

"ఏడూ ఇరవై," అన్నాడు ఇన్‌స్పెక్టరు, మీసాల్లోంచి ఉప్పునీళ్ళు ఊదుతూ. "అల కూడా ముహూర్తం చూసుకుని కొట్టిందయ్యా!" కోటు చెయ్యి కిందికి లాక్కున్నాడు.

ఉప్పు గోదాముల దగ్గర వెనక చక్రం పంక్చరైంది. వేళ్ళు కొయ్యబారిపోయాయి. తుంపరలో జిగురు పట్టదు. మూడు అతుకులు వేస్తే మూడోది నిలిచింది. గంట పోయిందనే అనుకున్నాడు.

"ఎంత పోయిందండీ?"

"పదకొండు నిమిషాలు."

"అంతేనా?"

"చేసేవాడికి ఎప్పుడూ ఎక్కువే అనిపిస్తుంది. నోరు మూసుకుని తొక్కు."

సిమెంటు వంతెన దగ్గర రోడ్డు సముద్రానికి వీపు తిప్పింది. పొలాలు, ఇటుక బట్టీలు, వెంటపడే ఓపిక లేక పడుకునే మొరిగిన కుక్కలు. గొలుసు రెండుసార్లు ఊడింది. తొడలు రాళ్ళయ్యాయి. మొదటి గుట్ట దగ్గర దిగి సైకిలు నడిపించాడు.

"పెళ్ళికూతుర్ని నడిపించినట్టు నడిపిస్తున్నావేం? ఎక్కు!"

"ఎక్కుతానండీ."

"పదకొండున్నర. తర్వాత నీ ఇష్టం."

చివరి గుట్టకి మూడు మలుపులు. రెండో మలుపులో దిగి పిట్టగోడ మీద కూలబడ్డాడు. పైన ఆరు గదులు. గదికి రెండు మంచాలు. ఎవరూ పడుకోని ఆ మంచాల మీద చెల్లెలు వారం వారం దుప్పట్లు మారుస్తుంది. అది తలుచుకుంటే లేవాలనిపించింది. కాళ్ళు మాత్రం వినలేదు.

"నా వల్ల కాదండీ. కొట్టెయ్యండి."

ఇన్‌స్పెక్టరు మోపెడ్ ఆపాడు. "పన్నెండూ నలభై. ఇంకా ఇరవై నిమిషాలుంది. టైముండగా కొట్టేస్తే ఆఫీసులో నా మొహాన ఉమ్మేస్తారు. లే."

"లేవలేనండీ."

"పద్దెనిమిదేళ్ళు తిన్న తిండంతా ఏమైంది? లే, ముసలోడా!"

వయసులో ఇద్దరికీ రెండేళ్ళ తేడా. కొలబద్దకి కోపమొచ్చింది. ఆ కోపం మీదే లేచాడు. ఆ కోపం మీదే మూడో మలుపు తిరిగాడు. రాయి మీద అరచెయ్యి ఆనించి, సైకిలుతో సహా పక్కకి ఒరిగిపోయాడు.

"ఒంటిగంటకి రెండు నిమిషాలు తక్కువ!" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు. కాగితం తీసి, అక్కడే మోపెడ్ సీటు మీద పెట్టి, రాసి సంతకం చేశాడు.

మబ్బుకి ఇంట్లో దీపం పెట్టి ఉంది. చెల్లెలు తువ్వాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "అన్న..." అనబోయి నాలిక్కరుచుకుంది. "అన్నం వడ్డిస్తాను, రండి."

ఇద్దరిదీ ఒకే అచ్చులో పోసిన ముక్కు. ఇన్‌స్పెక్టరు ఆ ముక్కూ చూశాడు, ఈ ముక్కూ చూశాడు. చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు.

పొయ్యి పక్కన బల్ల. అన్నం, కూర, అన్నీ రెండోసారి వేడి చేసినవే. "మీరూ కూర్చోండమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆవిడా కూర్చుంది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. కొలబద్ద ముద్దలోంచి రెండు మెతుకులు బల్ల మీద రాలాయి. తీసి కంచంలో వేసుకుంటూ తలెత్తాడు.

ఆరడానికని ఇన్‌స్పెక్టరు విప్పి పొయ్యి గట్టు మీద పెట్టిన గడియారంలో ముళ్ళు ఏడూ ఇరవై దగ్గరే ఆగి ఉన్నాయి.