పన్నెండు తేడా

“ముందు నీ ఉపగ్రహానికి కళ్లజోడు పెట్టించు!” అంది అమ్మాయి.

“మీ నాన్నగారి యంత్రానికి పెట్టిద్దాం. వయసైపోయింది దానికే” అన్నాడు ఉపగ్రహం.

అతని అసలు పేరు ఆ పరిశోధన కేంద్రంలో అందరూ ఎప్పుడో మరిచిపోయారు. ఆకాశం నుంచి దిగే ఓజోన్ లెక్కలు చూసేది అతను గనక అతనే ఉపగ్రహం. మేడమీది యంత్రాన్ని సూర్యుడి వైపు తిప్పి అదే ఓజోన్‌ను కింద నుంచి కొలిచేది అమ్మాయి. రెండు లెక్కలూ ఒకటే రావాలి. రావు. రోజూ అతని లెక్క ఆమె లెక్కకంటే పన్నెండు యూనిట్లు ఎక్కువ.

ఇంత కీచులాటలోనూ ఇద్దరూ ప్రేమించుకున్నారు, అదీ చోద్యం! అమ్మాయి నాన్నే కేంద్రానికి పెద్దాయన. ఆయన తేల్చి చెప్పేశాడు. “ఓజోన్ దగ్గరే మాట కలవనివాళ్లు కాపురమేం చేస్తారు? ఇద్దరి అంకె ఒకటైన రోజే పెళ్లి.”

“పరీక్ష దీపం పెట్టి మీ యంత్రాన్ని ఒక్కసారి సరిచూడండి సార్” అని అతను బతిమాలితే, “నా యంత్రాన్నే అనుమానిస్తావా?” అని దీపం ఉన్న బీరువాకి తాళం వేసేశాడు.

ఇవాళే ఆఖరు. సాయంత్రం అతను వేరే కేంద్రానికి వెళ్లిపోతున్నాడు.

ఎండ మాడ్చేస్తోంది. అసలు ఉపగ్రహం నెత్తిమీదుగా దాటిపోయింది. కొసరు ఉపగ్రహం ల్యాప్‌టాప్ ముందు చెమటలు కక్కుతున్నాడు. పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని మేడమీదికి వచ్చాడు.

“ఒకరిది ఒకరు చూడకండి. మూడు అనగానే ఇద్దరూ గట్టిగా చెప్పాలి. ఒకటి, రెండు... మూడు!”

“రెండు వందల తొంభై రెండు!” అంది అమ్మాయి.

“రెండు వందల అరవై ఎనిమిది!” అన్నాడు అతను.

తేడా ఇరవై నాలుగు! పెద్దాయన అదిరిపడ్డాడు.

“పన్నెండుకే దిక్కులేకపోతే రెట్టింపు చేశావా?” అన్నాడు అతను.

“నీ లెక్కే నిజమని ఒప్పేసుకుందామని పన్నెండు కలిపి చెప్పాను!” అంది అమ్మాయి.

“అయ్యో పిచ్చిదానా! నీ లెక్కే నిజమని నేను పన్నెండు తీసేసి చెప్పాను!”

ఒకరినొకరు చూసుకున్నారు. అంతే, నవ్వు తన్నుకొచ్చింది. పెళ్లి చేజారిందన్న సంగతే మరిచి పిట్టగోడ పట్టుకుని పడీపడీ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే అమ్మాయి టక్కున ఆగింది.

“ఉండు, ఉండు. నువ్వు తీసేయకముందు ఎంత?”

“రెండు వందల ఎనభై.”

“నేను కలపకముందూ రెండు వందల ఎనభయ్యే!”

“మరి రోజూ ఉండే పన్నెండు ఏమైంది?”

ఇద్దరూ పెద్దాయన వైపు తిరిగారు. ఆయన వీపు వెనక దాచిన పరీక్ష దీపాన్ని నెమ్మదిగా ముందుకు తీశాడు.

“పొద్దున్నే సరిచేశాను. తప్పు నా యంత్రానిదే” అని గొణిగాడు. “ఉన్న అంకె ఉన్నట్టు చెబితే మీ సొమ్మేం పోయింది? ఇదిగో అల్లుడుగారూ, ఇది పట్టుకెళ్లి బీరువాలో పెట్టండి!”