హద్దు దాటిన గొంతు

“ఇది పాస్ చెయ్యను,” అన్నాడు జల్లెడ.

ఎవరు రాసిన కోడ్‌నైనా వడకట్టి గానీ వదలడని ఆఫీసులో ఆయనకు పెట్టిన పేరది. ఎదురుగా నిలబడ్డ ఇంజనీరుకు ఒళ్లు మండింది.

“మళ్లీనా? నిన్న ఖాళీలు సరిగ్గా లేవన్నారు, సర్దాను. ఇవాళేమొచ్చింది సార్?”

“ఈ వేరియబుల్ పేరు బాగాలేదు.”

“పిల్లకి పెట్టే పేరా సార్ అది, నెలల తరబడి వెతకడానికి?”

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. జల్లెడ నవ్వలేదు. తెర వైపే చూస్తున్నాడు.

వాళ్ల కంపెనీ చేసేది ఇళ్ల గుమ్మాలకు బిగించే మాట్లాడే గంట. బయటివాళ్లు నొక్కితే లోపలివాళ్ల పలుకు బయట వినిపిస్తుంది. దాని స్పీకరును నడిపే డ్రైవర్ ప్రోగ్రాములో తప్పు దొర్లింది. లోపలివాళ్ల మాట పొట్టిదైతే అది అక్కడితో ఆగడం లేదు. మెమరీలో హద్దు దాటిపోయి, పక్కన మిగిలిపోయిన పాత మాటను కూడా చదివి వినిపిస్తోంది. ఇంజనీరు రాసింది రెండే వరుసలు. హద్దు దగ్గర ఆగు, మిగిలింది తుడిచెయ్యి. అందులో వంక పెట్టడానికేమీ లేదని జల్లెడకు మొదటిరోజే తెలుసు.

“తుడవడం దేనికి? ఆగితే చాలదా?”

“ఉంచితే రేపు ఇంకో దారిన బయటికొస్తుంది. నాకీ మాట నేర్పింది మీరే.”

“నేర్పానులే. అయినా ఇంత తొందరేంటి? పాత మాట వినిపిస్తే కొంపలేం అంటుకోవు.”

“అంటుకున్నాయి సార్. నిన్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. పేరు చెప్పనంది. చనిపోయిన వాళ్లమ్మ గొంతు వాళ్ల గంటలో మిగిలిపోయిందట. ‘వస్తున్నానండీ, ఒక్క నిమిషం’ అని.”

“మంచిదేగా. అమ్మ గొంతు చేదా?”

“వాళ్ల నాన్న రోజూ ఆఫీసు నుంచి వచ్చి గంట నొక్కుతాడట. ఈ పిల్ల లోపల్నుంచి ‘ఆఁ’ అంటుంది. దాని వెనకే వాళ్లమ్మ మాట. ఆయన జుట్టు సర్దుకుని గుమ్మంలో నిలబడతాడట. తీరా తలుపు తీసేది కూతురు. ‘నన్ను చూడగానే మా నాన్న మొహం మాడిపోతుంది. తలుపు ఎందుకు తీశానా అనిపిస్తుంది’ అని ఒకటే ఏడుపు.”

జల్లెడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇంకేమంది?”

“‘నేను బతికే ఉన్నాను కదా’ అంది.”

జల్లెడ పాస్ చేసే బటన్ నొక్కాడు. వేలు దాని మీది నుంచి వెంటనే లేవలేదు. తెర మీద పచ్చగుర్తు పడింది. దిద్దిన ప్రోగ్రాము ఇక అన్ని ఇళ్ల గంటలకూ వెళ్తుంది. ఏ గంటలో ఏ గొంతు దాగి ఉన్నా మిగలదు.

“మరి వేరియబుల్ పేరు?”

“ఉండనీ.”

ఇంజనీరు కోపం దిగిపోయింది. “థాంక్స్ సార్. నంబరుంది, ఆ అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేస్తాను.”

జల్లెడ సంచి భుజానికి తగిలించుకుని లేచాడు.

“వద్దులే. ఇంటికెళ్లి మా అమ్మాయికి నేనే చెప్తాను.”