నాలుగో వాక్యం

"ఆ నాలుగో వాక్యం కొట్టెయ్," అంది తల్లి, కాగితం మీంచి వేలు తియ్యకుండా.

"పంపేసి మూడు రోజులైందమ్మా," అంది పెద్దది, లాప్‌టాప్ కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టి ఎత్తు సరిచూసుకుంటూ.

తల్లి ఏడో తరగతితో చదువు ఆగిన మనిషి. పొద్దున కూతురి బల్ల తుడుస్తుంటే కనిపించిన ఆ కాగితాన్ని కూడబలుక్కుని చదవడానికే ఆమెకు అరగంట పట్టింది. పైన 'నా నేపథ్యం, పరిశోధనాసక్తులు' అని ఉంది. మొదటి మూడు వాక్యాలతో పేచీ లేదు. బయలాజికల్ ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాననీ, ఇంట్లో కాలేజీ గడప తొక్కింది తనే మొదలనీ, చెల్లెలికి రెండేళ్ళప్పుడు వేడినీళ్ళు పడి వీపు కాలిందనీ రాసింది. నాలుగో దాని దగ్గరే వేలు ఆగిపోయింది.

మరో పది నిమిషాల్లో ఇంటర్వ్యూ. సెలవుల్లో పెద్ద ప్రయోగశాలలో పని నేర్పడానికి ఇద్దరినే తీసుకుంటారట. అడిగినవాళ్ళు నాలుగు వందల మందట.

మామూలుగానే ఆమె భయాలకు అంతుండదు. ప్రయోగశాల అనగానే యాసిడ్ అనుకుంది, మంటలనుకుంది, సూక్ష్మజీవులు చెప్పులకంటుకుని ఇంటిదాకా వస్తాయేమో అని కూడా అనుకుంది. అవన్నీ ఎటో ఎగిరిపోయి ఇప్పుడు ఈ ఒక్క భయమే మిగిలింది.

"వాళ్ళడిగితే మాట మార్చెయ్. ఇంటి గుట్టు వాళ్ళకెందుకు? ఇలాంటి ఇంటి పిల్లనా మనం పెట్టుకునేది అంటారు."

"నేపథ్యం రాయమన్నారు. కట్టుకథ రాయమన్లేదు."

"పదమూడేళ్ళ కిందటి మాట."

"నువ్వు మర్చిపోయావా?"

ఆ ఇంట్లో ఎవరు మర్చిపోయారు గనక? ఆసుపత్రిలో డాక్టరు అడిగినా, భర్త అడిగినా, అత్తగారు అడిగినా తల్లి చెప్పింది ఒకటే, గిన్నె దించుతుంటే నా చెయ్యి జారింది అని. భర్త ఏడాదిపాటు చిన్నదాన్ని ఆమె దగ్గర ఒంటరిగా వదలలేదు. పెళ్ళిళ్ళలో పొయ్యి దగ్గరికి వెళితే తోటికోడళ్ళు నవ్వుతూనే పక్కకు జరిపేవారు. అత్తగారైతే ఈనాటికీ కాఫీ గ్లాసు అందుకునేటప్పుడు "చూసి, చూసి" అంటుంది. ఆమె తల వంచుకుంటుంది. పెద్దది అప్పటికి ఆరేళ్ళది, దానికేం గుర్తుంటుందిలే అని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉంది.

"పోనీ చెవుల్లో ఆ ఇయర్‌ఫోన్లన్నా పెట్టుకో. మీ నానమ్మ ఇక్కడే ఉంది."

"పెట్టుకోను. విననీ."

"ఏం పొగరే నీకు."

"నువ్వు తల వంచుకున్నది చాలు."

సోఫాలో అత్తగారు చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని తీర్పు చెబుతోంది. ఇంజినీరంటే వంతెనలు కట్టాలి గానీ ఈ తోలు కుట్టే చదువేమిటని. తన వీపుకి వంతెన కడుతుందిలే అని చిన్నది నవ్వింది.

తెర మీద నెరిసిన గడ్డం ప్రొఫెసరు, ఆయన పక్కన కళ్ళజోడు మేడమ్ కనిపించారు. ఏం పరిశోధన చెయ్యాలనుందని అడిగారు. పెద్దది తడుముకోలేదు. చెల్లి వీపుకు వెయ్యడానికి తొడ మీది చర్మం తీశారనీ, వీపు మానినా తొడ మంట చాలా రోజులు ఏడిపించిందనీ చెప్పింది. గోరంత చర్మం తీసుకుని గాజు పళ్ళెంలో అరచేయంత పెంచడం ఇప్పటికే తెలుసట. అంటించాక అది ముడుచుకుపోకుండా ఆపడమెలాగో తనకు తేల్చాలనుందట.

"ఒక గాయం మాన్పడానికి ఇంకో గాయం ఎందుకు చెయ్యాలి సార్?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లి ఒక్క క్షణం భయపడటం మర్చిపోయింది. గడ్డం ప్రొఫెసరు తల ఊపి, ప్రశ్న బాగుంది గానీ ఆ నాలుగో వాక్యం అంత అవసరమా, తీసేసినా దరఖాస్తుకు లోటేమీ రాదు కదా అన్నాడు.

ఆమె ఆయనకు మనసులోనే దణ్ణం పెట్టుకుంది. లాప్‌టాప్ వెనక నుంచి రెండు చేతులూ ఊపింది, అవునను, అవునను అని.

పెద్దది ఆమెనే చూస్తూ చెప్పింది. "దరఖాస్తుకు రాదు సార్. నాకొస్తుంది. సీటు పోయినా సరే, అది మాత్రం తియ్యను."

కళ్ళజోడు మేడమ్ ముందుకు వంగింది. తనకింకా ఆ కాగితం అందలేదనీ, ఆ వాక్యమేదో చదివి వినిపించమనీ అడిగింది.

"చదవవే," అంది అత్తగారు సోఫాలోంచి. "నలుగురికీ తెలియనీ."

తల్లి లాప్‌టాప్ మూత వెయ్యడానికి రెండంగల్లో వచ్చేసింది. పెద్దది ఆ చేతిని పట్టుకుని, వదలకుండా, నానమ్మ వైపు తిరిగి గట్టిగా చదివింది.

"ఆ రోజు నీళ్ళ గిన్నె దించింది మా అమ్మ కాదు, నేను."