నోరెండిన అవ్వ

"బిడ్డా, జర ఆ బొండం నాకియ్యరాదు? నోరెండుతున్నది."

కొబ్బరిబొండం చేతబట్టుకుని లోపలికి పోబోతున్న మహాదేవమ్మ దవాఖాన గుమ్మంలోనే ఆగిపోయింది.

వరండాలో గోనెపట్టా పరుచుకుని కూర్చున్న ముసలమ్మ చెయ్యి చాపింది. ఎవరి మనిషో తెలియదు. లోపల ఏ మంచం మీదా ఆమె తాలూకు రోగి లేడు.

"నా పెనిమిటికి తెచ్చిన అవ్వా."

"ఇయ్యి బిడ్డా. పుణ్యముంటది."

మహాదేవమ్మకు మనసొప్పలేదు. కానీ నోరు తెరిచి అడిగిన ముసలిప్రాణాన్ని కాదంటే, ఆ ఉసురు లోపలున్న మనిషికి తగులుతుందేమోనని భయం. ఇచ్చేసింది.

లోపల మంచం మీద ఆమె భర్త చెన్నబసప్ప. కోహీర్ పక్క పల్లెలో అల్లం పండించే రైతు. చైనాతో లడాయి జరిగిన మరుసటి ఎండాకాలం, ఒళ్ళంతా ఉబ్బి, మూత్రం బందై, జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కనున్న ఆ దవాఖానకు చేరాడు.

తోడు ఎవరూ రాలేదు. పుట్టింటివాళ్ళు హుమ్నాబాద్ అవతల. కబురు అందిందో లేదో. పక్క మంచాలవాళ్ళకు సద్ది తెచ్చేవాళ్ళున్నారు, ముచ్చట పెట్టేవాళ్ళున్నారు. మహాదేవమ్మకు ఆనుకోవడానికి గోడ ఉంది, అంతే.

"మాదేవీ, దూపైతున్నది. గొంతు తడుపవా?" అన్నాడు చెన్నబసప్ప.

డాక్టరు కొలిచి ఇమ్మన్న నీళ్ళు పొద్దున్నే అయిపోయాయి. దాహంతో అల్లాడే మొగుణ్ణి చూస్తూ కూర్చోవడం ఏ ఆడదాని వల్లవుతుంది?

డాక్టరు చెప్పకపోలేదు.

"గుర్దాలు, అంటే మూత్రపిండాలు, పనిచేస్తలేవమ్మా. బొండం, అరటిపండు, చెరుకురసం ఏదీ ఇయ్యకు. వాటిల పొటాషియం అనే ఒక తీరు ఉప్పుంటది. మూత్రంల పోవాల్సింది నెత్తుర్లనే ఉండిపోతే గుండె ఆగుతది."

ఆమె బుద్ధిగా తలూపింది. గంజిలో ఉప్పు మానేసింది. కానీ బొండంలో ఉప్పేమిటి? ఆ నీళ్ళు తియ్యగా ఉంటాయి కదా! మూత్రం బందైతే బొండం తాపాలని ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. డాక్టరుకు చదువుంది కానీ వయసు లేదు, అనుకుంది.

మరునాడు కొంగు చాటున తెచ్చింది. ముసలమ్మ పసిగట్టింది.

"నిన్న తీస్కుంటివి గద అవ్వా!"

"ఇయ్యాల గూడ నోరెండుతున్నది బిడ్డా."

ముసలమ్మ కళ్ళలో నీళ్ళు చూసి మహాదేవమ్మ తిట్టుకుంటూనే ఇచ్చింది.

ఆ మరునాడు వెనక వాకిలి నుంచి వచ్చింది. అక్కడా ముసలమ్మే! ఈసారి అడగలేదు. కొంగు పట్టి గుంజింది. బొండం మెట్ల రాయి మీద పడి పగిలింది.

మహాదేవమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"సిగ్గు లేదా ముసల్దానా! రోగిష్టోని నోటికాడిది గుంజుకుంటవా? నీ కడుపు కాల!"

కాంపౌండరు ఇస్సాకు పరుగెత్తుకొచ్చాడు.

"ఈమెను ఎల్లగొడ్తవా, సారుకు చెప్పాల్నా?" అంది మహాదేవమ్మ.

"అమ్మా, జర నా మాట ఇను. ఆమె..."

"నీ మాటలొద్దు. ముందుగాల ఎల్లగొట్టు!"

"కొట్లాడకున్రి. నేనే పోత," అంది ముసలమ్మ. మహాదేవమ్మ మొహంలోకి చూసింది. ఏదో అనబోయి, మానుకుంది. గోనెపట్టా అయినా తీసుకోకుండా లారీల దుమ్ములో నడిచి వెళ్ళిపోయింది.

ఇస్సాకు మందుల గదిలోకి పోగానే మహాదేవమ్మ ఇంకో బొండం కొంగు చాటున తెచ్చి, మూతి పొడిచి, తన చేత్తో తాపింది.

"పానం లేచొచ్చింది మాదేవీ," అని నవ్వాడు చెన్నబసప్ప. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! ఇంకోటి అడిగాడు. ఇంకోటి తెచ్చింది.

మధ్యాహ్నానికి అతని కాళ్ళూ చేతులూ చచ్చుబడ్డాయి. నాడి అందీ అందనట్టుంది.

"ఏమిచ్చినవమ్మా?" పరుగున వచ్చిన డాక్టరు అడిగాడు.

"బొండం సార్. తియ్యటియే..."

డాక్టరు కాల్షియం సూది మెల్లగా నరంలోకి ఎక్కించాడు. గ్లూకోజులో ఇన్సులిన్ కలిపి పెట్టాడు. నాడి కాస్త కుదురుకుంది.

"బతుకుతడా సార్?"

"ఈ మందులు ఆ ఉప్పును కొద్దిసేపు పక్కకు నూకుతయి. బయటికి పంపాలంటే మూత్రం రావాలె."

రాలేదు. పొద్దుగూకే వేళకు నాడి మళ్ళీ తప్పింది. ఈసారి సూదికి లొంగలేదు.

శవాన్ని ఊరికి తీసుకుపోయే బండి ఇంకా రాలేదు. ఏడ్చే ఓపిక కూడా లేక మహాదేవమ్మ వరండాలో ఆ గోనెపట్టా మీదే కూలబడింది. మడత కింద చేతికి ఏదో గుండ్రంగా తగిలింది.

ఎత్తి చూసింది. రెండు బొండాలు. తను ఇచ్చినవే. మూతి కూడా పొడవలేదు.

నీళ్ళ చెంబుతో వచ్చిన ఇస్సాకును అడిగింది.

"అవ్వ... తాగలేదా?"

"ఎన్నడు తాగది. ఈ రోగమొచ్చినోళ్ళకు ఎవరు బొండం తెచ్చినా గట్లనే అడుగుతది."

"ఎందుకని ఒక్క మాట చెప్పరాదా? నాకు చెప్పరాదా!"

"మొదట్ల అందరికి చెప్పేది. తాపకున్రి, పానం పోతదని. రోగి కాడ సావు ముచ్చట తీస్తవా అని చీపురుతోని కొట్టిన్రు. అప్పటిసంది చెప్పుడు బందువెట్టి అడుక్కుంటున్నది."

మహాదేవమ్మ బొండాలు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపు చూసింది. లారీలు తప్ప ఎవరూ లేరు.

"యాడికి పోయిందో ఎరుకేనా?"

"పోతానికి ఇల్లుంటే ఈడెందుకుంటదమ్మా?" ఇస్సాకు గొంతు తగ్గించాడు. "పోయినేడు మీ ఆయన పండిన మంచంల్నే, దూప దూప అంటున్న ఒక్కగానొక్క కొడుక్కు తన చేతులతోని బొండం తాపిన తల్లి ఆమె."