పదీ నలభై రెండు

"పదకొండింటికి లిఫ్టుల ఇన్‌స్పెక్టరు వచ్చేస్తాడు. పొద్దుట్నుంచీ కూర్చుంటే ఇప్పటికి తొమ్మిది ఫైళ్లే చూశాను!" మేనేజరు మౌస్‌ని బల్లకేసి కొట్టాడు.

లిఫ్టులు బాగుచేసే కంపెనీ అది. రెండు వేల లిఫ్టులు, ఒక్కోదానికీ కాగితాలన్నీ మూటకట్టినట్టు ఒక్కో జిప్ ఫైలు. మార్చి తనిఖీలో బ్రేకు పగిలినట్టు తేలిన లిఫ్టుల ఫైళ్లలో మెకానిక్కులు 'పగులు' అని పేరు పెట్టి ఒక ఫోటో కూడా పడేశారు. బ్రేకులు మార్చే ఉద్దేశం మేనేజరుకి లేదు. ఫోటోలు మాయమైతే చాలు. కానీ అవి ఎందులో ఉన్నాయో తెలియాలంటే రెండు వేలూ విప్పి చూడాలి.

"నల్లతెరక్కని పిలవండి!"

ఆవిడ అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. మౌస్ ముట్టదు. నల్లటి తెర మీద నాలుగు అక్షరాలు కొట్టి పని కానిచ్చేస్తుంది. నాలుగంతస్తులూ మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చింది.

"లిఫ్టు ఉండగా మెట్లెందుకక్కా?"

"ఒంటికి మంచిది సార్. ఏం చెయ్యాలి?"

చెప్పాడు. ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. "ఆ బ్రేకులేవో మార్పించెయ్యొచ్చుగా సార్?"

"నీ పని నువ్వు చూడు."

"అలాగే." కుర్చీ లాక్కుంది. "ఒక్క లైను చాలు. ఫైళ్లన్నిటినీ వరసగా తడుముతుంది. ఫోటో ఉంటే పీకేస్తుంది, లేని ఫైలు జోలికే పోదు."

"అదే కావాలి! ఫోటో జాడ ఉండదుగా?"

"ఫోటో జాడ ఉండదు."

ఎంటర్ కొట్టింది. తెర మీద అక్షరాలు జలజలా జారి ఆగిపోయాయి. గోడ గడియారంలో పదీ నలభై రెండు. మేనేజరు చొక్కా సర్దుకుని ఈల వేశాడు.

ఇన్‌స్పెక్టరు లిఫ్టులోనే పైకొచ్చాడు.

"రెండు వేలూ నేనొక్కణ్ణే ఎక్కడ చూడను? ఏవో నాలుగు చూసి వెళ్తాను."

"మీ ఇష్టం సార్, ఎందులోనైనా వేలు పెట్టండి!"

"అయితే అమ్మా, తేదీల వరసలో పెట్టండి. కొత్తవి పైకి."

పెట్టింది. ఇన్‌స్పెక్టరు కళ్లజోడు ముక్కు మీదికి తోసుకున్నాడు. "అన్నీ మార్చిలో మూసిన ఫైళ్లే. ఈ ముప్పై ఏడింటి మీదే ఇవాళ్టి తేదీ. ఏది చూసినా పదీ నలభై రెండు. ఏమిటి సంగతి?"

"లోపలిది ఏదైనా తీస్తే పైన తేదీ మారుతుంది సార్," అంది నల్లతెరక్క. "పగుళ్ల ఫోటోలు తీసెయ్యమన్నారు, తీసేశాను. పగుళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి."

మేనేజరు చేతులు అడ్డంగా ఊపాడు. "అబద్ధం సార్! మా లిఫ్టులన్నీ లక్షణంగా ఉన్నాయి!"

"సంతోషం." ఇన్‌స్పెక్టరు జాబితాలో మొదటి పేరు మీద వేలు పెట్టాడు. "ఇది ఈ బిల్డింగు లిఫ్టే. నేను అందులోనే వచ్చాను. పదండి, ఇద్దరం అందులోనే దిగుదాం."

మేనేజరు కాళ్లు వాటంతటవే మెట్ల వైపు తిరిగాయి.