పధ్నాలుగో నంబరు కార్డు

అక్షయ లెక్క పదముగ్గురు పేషెంట్ల దగ్గర తప్పలేదు. పధ్నాలుగో నంబరు దగ్గరకొచ్చేసరికి బొక్కబోర్లా పడింది.

ఫాల్సిపారం, వైవాక్స్ అని రెండు రకాల మలేరియా ఒకే మనిషి ఒంట్లోకి చొరబడితే ఏది ఎప్పుడు పెరుగుతుందో ముందే చెప్పే లెక్క అది. రెండూ తినేది ఎర్రకణాలనే. ఒకటి బలిస్తే రెండోది చిక్కాలి. మాత్ర పడితే రెండూ చావాలి. ఈ పేషెంటు రక్తంలో ఒకరోజు ఫాల్సిపారమే కనబడుతుంది, మర్నాడు వైవాక్సే. వారంగా ఇదే వరస. మాత్ర పడుతున్నా ఏదీ చావడం లేదు.

"ఒకే ఇంట్లో వేరు పొయ్యిలు పెట్టుకున్న తోడికోడళ్లలా ఉన్నాయమ్మా ఇవి," అన్నారు ఆమె పీహెచ్‌డీ గైడు జయకృష్ణగారు. "సోమవారం సెమినారు. ఆ పేషెంటుని తీసెయ్, లేదంటే లెక్క మార్చు."

మూడేళ్ల కష్టం. తీసేయడానికి మనసొప్పలేదు, మార్చడానికి బుర్ర పనిచేయలేదు. భవానీపురం గదిలో కాగితాలు చింపి చింపి ఒళ్లు మండి, క్లినిక్‌లో రక్తం తీసే జాన్సన్‌కి ఫోన్ చేసింది.

"స్లైడ్లు తారుమారు చేస్తున్నావా?"

"లేదు మేడమ్. మొహాలు చూసే తీరిక లేదు గానీ, కార్డు నంబరు చూడకుండా ఎవరి వేలూ పొడవను. మాత్ర కూడా నా ఎదుటే మింగిస్తున్నా. పధ్నాలుగు ఒక్కరోజు కూడా మానలేదు. మందు పనిచేయట్లేదని డాక్టరుగారే తల పట్టుకున్నారు."

ఇక లాభం లేదని అక్షయ ఆటో ఎక్కి వన్ టౌన్‌లో పధ్నాలుగో నంబరు పేషెంటు పూలకొట్టు దగ్గర దిగింది. ఇన్నాళ్లూ అంకెలే తప్ప మనిషిని చూసిన పాపాన పోలేదు.

కొట్టు తెరిచే ఉంది. శాలువా కప్పుకుని బుల్లెమ్మ కనకాంబరాలు కడుతోంది. కళ్లు లోతుకు పోయాయి. పక్కన మేకుకు పధ్నాలుగో నంబరు కార్డు వేలాడుతోంది. ఆమెను చూశాక అక్షయకు కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

"ఇంత జ్వరంలో కొట్టెందుకు తీశారండీ?"

"పూలు రేపటిదాకా ఆగవు కదమ్మా."

అక్షయ నోటుపుస్తకం తెరిచింది. "నిన్న రక్తం ఇచ్చి మాత్ర వేసుకున్నాక చలి తగ్గిందా, పెరిగిందా?"

బుల్లెమ్మ దారం తెంపి తలెత్తింది.

"నాకేం తెలుస్తుందమ్మా, ఇంటికొకటే కార్డాయె, నిన్న రక్తానికీ మాత్రకీ వంతు మా తోడికోడలిది."