వంటింట్లో ఆరిన సైన్యం

నమ్మితే నమ్మండి, ఇప్పటి బొమ్మ సైనికులకు జిగురు ఆరేలోపు చెవిన పడిందంతా ఒంటబట్టేస్తుంది. అందుకే ఊరంతా వాటిని యుద్ధం సినిమాల ముందు ఆరబెడతారు. నేను ముసురుకు జిగురు ఆరదేమోనని భయపడి, వంటింట్లో పొయ్యి పక్కన పెట్టాను.

ఎవరి బొమ్మ సైన్యం గెలుస్తుందో అని మా బావమరిది సూరిబాబుతో మీసాల పందెం. ఓడినవాడు గొరిగించుకోవాలి. భోజనాల బల్ల మీద కోట కట్టి, వేలెడంత సైన్యాన్ని నిలబెట్టాను. సూరిబాబు సైన్యం కోట మీదికి రాగానే మావాళ్లు తలుపులు బార్లా తీశారు.

"రండి బాబూ, కాళ్లు కడుక్కోండి. ముద్ద తిని ఎల్దురుగాని, ఆయ్!"

అచ్చం మా ఆవిడ వరహాలు మాటే!

"పొడవండ్రా సన్నాసుల్లారా!" అని అరిచాను.

"బోయినాలకాడ అరుపులేంటండీ?" అని నా సేనాపతి నన్నే కసిరాడు.

మీసం పోయిందనుకున్నాను. కానీ సూరిబాబు ఇంట్లో పొద్దస్తమానం తిండి మాటలే. వాడి సైన్యం అక్కడే ఆరింది.

"కత్తులు తియ్యండ్రా!" అన్నాడు సూరిబాబు.

"పెరుగు రానీ బావా," అన్నారు వాళ్లు, కోటలో బాసింపట్టు వేసుకుని.

నెలయింది. ఎవరూ లేవలేదు. మేం నేల మీద తింటున్నాం. బల్ల ఖాళీ చేయిద్దామంటే వరహాలు ఒప్పుకోదు.

"తినేవోళ్లని లేపకూడదండీ, తప్పు!"

పందెం తేలేదాకా కదలనని సూరిబాబు కూడా మా ఇంట్లోనే ఉన్నాడు. ఇప్పుడే పెరుగడిగాడు.